ఇల్లు చూసే ముందు సైకిల్ దారి చూడండి

సియాటెల్ ఈస్ట్‌సైడ్‌లో అద్దెకో, కొనుక్కోడానికో ఇల్లు వెతుకుతున్నవాళ్ళ కోసం

ఏటా వేసవి దగ్గరపడుతోందంటే మన గ్రూపుల్లో ఒకటే ప్రశ్న తిరుగుతూ ఉంటుంది. "మా లీజు జూన్‌లో అయిపోతోంది. రెడ్‌మండ్ మంచిదా, బోథెల్ మంచిదా, సమామిష్ మంచిదా? ఎవరైనా చెప్పండి ప్లీజ్." జవాబులు కూడా ఎప్పుడూ ఉండేవే. ఏ స్కూలుకి ఎంత రేటింగు, ఆయన ఆఫీసుకి ఎంతసేపు, ఇండియన్ స్టోర్ ఎంత దూరం, గుడి ఎంత దూరం. అన్నీ అవసరమే, కాదనను. కానీ ఒక్క ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. ఆ ఇంట్లోంచి నేను, ఎవర్నీ దింపమని అడక్కుండా, నా అంతట నేను బయటికి వెళ్ళి రాగలనా?

మనలో చాలామందిమి ఇక్కడికి హెచ్4 మీద వచ్చినవాళ్ళమే. భర్తకి ఐ-140 అప్రూవ్ అయితే భార్య ఉద్యోగం చేసుకోవచ్చన్న నిబంధన 2015 మే నుంచి ఉంది. ఆ కాగితం వచ్చేదాకా మాత్రం ఇల్లే లోకం. ఇంటికి ఒకటే కారు, అది పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళిపోతుంది. డ్రైవింగ్ నేర్చుకుని, టెస్టు పాసై, హైవే మీద చెయ్యి కుదురుకునేసరికి ఏడాది గడిచిపోతుంది. ఈలోపు లైబ్రరీకి వెళ్ళాలన్నా, కొత్తిమీర అయిపోయినా శనివారం దాకా ఆగాల్సిందే. "అమెరికాలో ఉన్నావు, నీకేం తక్కువ" అని ఇంటి దగ్గరివాళ్ళు అనుకుంటారు. తక్కువ ఏమిటంటే, వీధి చివరిదాకా వెళ్ళి రావడానికి ఒక దారి.

విచిత్రం ఏమిటంటే, మనకి సైకిల్ కొత్త కాదు. చాలామందిమి హైస్కూలుకి, ట్యూషన్‌కి సైకిల్ మీదే వెళ్ళాం. ఆడపిల్లలు దూరం వల్ల చదువు మానేయకూడదని ఆంధ్రప్రదేశ్‌లో "బడికొస్తా" పథకం కింద ప్రభుత్వమే హైస్కూలు అమ్మాయిలకి సైకిళ్ళు పంచింది. ఊళ్ళో మనల్ని బడిదాకా చేర్చిన బండిని ఇక్కడికొచ్చాక పిల్లల ఆటవస్తువు కింద జమకట్టేశాం. గరాజ్‌లో గోడకి తగిలించి ఉంటుంది.

సైకిల్ వాడకం మన ఇష్టం మీద కంటే ఇల్లు ఉన్న చోటు మీదే ఎక్కువ ఆధారపడుతుంది. తప్పుచోట ఇల్లు తీసుకుని "రేపట్నించి తొక్కుతాను" అని ఎంత గట్టిగా అనుకున్నా సాగదు. సరైన చోట ఇల్లుంటే ప్రత్యేకంగా పట్టుదల అక్కర్లేదు, అదే అలవాటైపోతుంది.

పేరున్న ట్రెయిల్ పక్కనుంటే చాలదు

సియాటెల్ చుట్టుపక్కల సైకిల్ దారులకి కొదవ లేదు. సియాటెల్‌లో బల్లార్డ్ దగ్గర మొదలై బోథెల్ దాకా వచ్చే బర్క్-గిల్మన్ ట్రెయిల్ సుమారు 20 మైళ్ళు. బోథెల్‌లో దాని కొసని అందుకుని సమామిష్ రివర్ ట్రెయిల్, ఉడిన్‌విల్ మీదుగా రెడ్‌మండ్‌లోని మేరీమూర్ పార్కుకి చేరుస్తుంది. అది ఇంకో 10 మైళ్ళ పైచిలుకు. అక్కడినుంచి ఈస్ట్ లేక్ సమామిష్ ట్రెయిల్ పట్టుకుంటే సరస్సు ఒడ్డునే 11 మైళ్ళు వెళ్ళి ఇసక్వాలో తేలతాం. అంటే బల్లార్డ్ నుంచి ఇసక్వా దాకా దాదాపు దారంతా కార్ల మధ్యకి వెళ్ళకుండా తొక్కుకుంటూ పోవచ్చు.

ఇవన్నీ ఇంత చదునుగా ఉండటానికి కారణం ఉంది. సమామిష్ రివర్ ట్రెయిల్ నది గట్టు వెంబడి వెళ్తుంది. మిగతా రెండూ ఒకప్పటి రైలు పట్టాల దారులు. రైలింజను నిటారుగా ఉన్న కొండ ఎక్కలేదు కాబట్టి ఆ రోజుల్లోనే కొండని కోసి, పల్లం పూడ్చి, చదునుగా దారి వేశారు. రైళ్ళు ఆగిపోయాక పట్టాలు తీసేసి సైకిళ్ళకి, నడిచేవాళ్ళకి వదిలారు. బర్క్-గిల్మన్ మొదటి భాగం 1978లో తెరిచారు. నూరేళ్ళ కిందట రైలు కోసం పడ్డ కష్టం ఇవాళ మన మోకాళ్ళని కాపాడుతోంది.

అందుకని ఇళ్ళ ప్రకటనల్లో "ట్రెయిల్‌కి దగ్గర" అన్న మాట చూడగానే మనం మెత్తబడిపోతాం. ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. హైదరాబాద్‌లో అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేశారు, పైన సోలార్ కప్పుతో సహా. చూడముచ్చటగా ఉంటుంది. కానీ చాలామంది కారులో సైకిల్ వేసుకుని అక్కడిదాకా వెళ్ళి, తొక్కి, మళ్ళీ కారులో ఇంటికి వస్తారు. అది వ్యాయామానికి బాగానే ఉంటుంది, కూరగాయలకి పనికిరాదు. ఇక్కడ కూడా ఎంతోమంది ట్రెయిల్‌ని అలాగే వాడుతున్నారు. ట్రెయిల్ ఎంత బాగుందన్నది రెండో సంగతి, మన గుమ్మంలోంచి అక్కడిదాకా సైకిల్ మీద వెళ్ళగలమా అన్నది మొదటి సంగతి.

మన గ్రూపులో తెనాలి నుంచి వచ్చిన ఒకమ్మాయి ఉంది. వాళ్ళ ఇంటి ప్రకటనలో "ట్రెయిల్‌కి అయిదు నిమిషాలు" అని ఉందట. అబద్ధమేం కాదు. కొండ మీంచి కిందకి జారడానికి అయిదు నిమిషాలే. పాల డబ్బా, పిల్లాడితో తిరిగి ఎక్కేటప్పుడు మాత్రం సగం దూరం సైకిల్ తోసుకుంటూ నడవాల్సి వచ్చేది. నెల తిరక్కుండా సైకిల్ గరాజ్‌లోకి వెళ్ళిపోయింది. తర్వాత వాళ్ళు రెడ్‌మండ్ లోయలోకి మారారు. ఇల్లు చిన్నది, అద్దె కాస్త ఎక్కువ. ఇప్పుడు వారంలో నాలుగు రోజులు ఆమె, పిల్లాడు సైకిల్ మీదే లైబ్రరీకి వెళ్ళొస్తున్నారు. అమ్మాయీ అదే, సైకిలూ అదే. మారింది ఇల్లే.

ప్రతి ఇంటికీ మూడు పరీక్షలు

మొదటిది ఎత్తు. ఈస్ట్‌సైడ్ అంతా సరస్సులు, లోయలు, మధ్యమధ్య మిట్టలు. ఫోన్‌లో మ్యాప్ చూస్తే అంతా ఒకే మట్టంగా కనిపిస్తుంది. గూగుల్ మ్యాప్స్‌లో సైకిల్ బొమ్మ నొక్కి దారి అడిగితే ఎంత ఎక్కాలో, ఎంత దిగాలో అడుగుల్లో చూపిస్తుంది. మైలు దూరంలో నూరడుగుల ఎత్తు ఉంటే మామూలు గేర్ల సైకిల్ మీద కొత్తవాళ్ళు కూడా మెల్లగా ఎక్కేస్తారు. అదే మైలుకి నాలుగు వందల అడుగులంటే నలభై అంతస్తుల మేడ ఎక్కినట్టే. రోజూ అయ్యే పని కాదు. ఇంటినుంచి వెళ్ళే దారి చూసి ఊరుకోకండి, తిరిగి వచ్చే దారి చూడండి. సామాను ఉండేది, ఒళ్ళు అలిసిపోయి ఉండేది అప్పుడే.

రెండోది దాటాల్సిన రోడ్డు. ఇంటికీ ట్రెయిల్‌కీ మధ్య ఆరు వరుసల రోడ్డు ఒక్కటున్నా చాలు, మనసు వెనక్కి లాగుతుంది. 405 హైవే ఎక్కే, దిగే ర్యాంపులు ఉన్నచోట ఇంకా కష్టం. కార్లు హైవే వేగం తగ్గించకుండా మలుపు తిరుగుతాయి. సిగ్నల్ ఉందా, మీట నొక్కితే ఎంతసేపటికి దారి ఇస్తుంది, పిల్లలతో ఒకే విడతలో దాటగలమా, ఇవన్నీ అక్కడ నిలబడి చూసుకోవాల్సినవి. ఆదివారం పొద్దున ఇల్లు చూడ్డానికి వెళ్తే ప్రతి రోడ్డూ ప్రశాంతంగానే ఉంటుంది. మంగళవారం సాయంత్రం అయిదింటికి వెళ్ళండి.

మూడోది చివరి అర మైలు. ట్రెయిల్ దిగాక లైబ్రరీ దాకా, స్టోర్ దాకా, స్కూలు దాకా దారి ఎలా ఉంది? రోడ్డు పక్కన ఉత్త తెల్లగీత ఒక్కటేనా, లేక మధ్యలో దిమ్మలో మొక్కలో పెట్టి సైకిళ్ళకి విడిగా దారి ఇచ్చారా? అక్కడికి వెళ్ళాక సైకిల్ కట్టేయడానికి స్టాండ్ ఉందా? వాషింగ్టన్ రాష్ట్రంలో ఊరు ప్రత్యేకంగా నిషేధిస్తే తప్ప కాలిబాట మీద సైకిల్ తొక్కడం నేరం కాదు, నడిచేవాళ్ళకి దారి ఇస్తే చాలు. భయంగా ఉన్న ఆ కాస్త దూరం కాలిబాట ఎక్కి మెల్లగా వెళ్ళిపోవచ్చు. సిగ్గుపడాల్సిన పనేం లేదు.

ఈ మూడింట్లో ఒకటి తప్పినా సర్దుకోవచ్చు. రెండు తప్పితే సైకిల్‌కి బూజు పట్టడం ఖాయం.

ఊరూరా ఎలా ఉంటుంది

రెడ్‌మండ్ డౌన్‌టౌన్: మూడు పరీక్షలూ పాసయ్యేది ఇదే. లోయ అడుగున ఉంది, చదును. నది పక్క ట్రెయిల్, సిటీ హాల్, లైబ్రరీ, షాపులు అన్నీ దగ్గర దగ్గర. ఊరి మధ్యలోంచి పాత రైలు దారి మీద రెడ్‌మండ్ సెంట్రల్ కనెక్టర్ వెళ్తుంది. ఎన్నో దశాబ్దాల నుంచి డెర్బీ డేస్ పేరుతో సైకిల్ పండగ చేసుకునే ఊరు. మేరీమూర్ పార్కులో సైకిల్ పందేల కోసం కట్టిన వెలోడ్రోమ్ కూడా ఉంది. 2025 మే 10న లైట్ రైల్ ఇక్కడిదాకా వచ్చింది. అద్దెలు ఎక్కువ, ఇళ్ళు చిన్నవి. అదే పేరు మీద ఉన్న ఎడ్యుకేషన్ హిల్ మాత్రం వేరే లెక్క. ఊరు ఒకటే, పిన్‌కోడ్ చూసి మోసపోకండి. పేరులోనే హిల్ ఉంది.

ఓవర్‌లేక్, క్రాస్‌రోడ్స్: మన షాపులు, మన హోటళ్ళు, మనవాళ్ళు ఎక్కువ ఉన్న చోటు. మిట్ట మీద ఉంది కానీ పైన చాలావరకు సమంగానే ఉంటుంది. ఇబ్బందల్లా వెడల్పాటి రోడ్లు, వేగంగా పోయే కార్లు. పెద్దరోడ్డు వదిలి వెనక వీధుల్లోంచి దారి వెతుక్కుంటే రోజువారీ పనులన్నీ అవుతాయి. రెడ్‌మండ్ డౌన్‌టౌన్ నుంచి 520 హైవే పక్కనే సైకిల్ దారి ఉంది కానీ ఎక్కడం బాగా ఉంది. దీనికి ఒక తేలికైన ఉపాయం: పైకి లైట్ రైల్లో సైకిల్‌తో సహా ఎక్కండి, కిందకి తొక్కుకుంటూ రండి. రైల్లో సైకిల్‌కి వేరే టికెట్ అక్కర్లేదు.

సమామిష్: మన కుటుంబాలు ఎక్కువగా ఇష్టపడే ఊరు. స్కూళ్ళకి మంచి పేరు, ఇళ్ళు పెద్దవి. ట్రెయిల్ సరస్సు ఒడ్డున కింద, ఇళ్ళు ఎక్కువ భాగం పీఠభూమి మీద. మధ్యలో ఇంగిల్‌వుడ్ హిల్ రోడ్డు, సహాలీ వే లాంటివి. పేరుమోసిన సైక్లిస్టులు పందెం కట్టి ఎక్కే ఎత్తులవి. సమామిష్ తీసుకోవద్దని నేననను. తీసుకుంటే 228వ అవెన్యూకి దగ్గరగా తీసుకోండి. దాని వెంబడి సైకిల్ గీతలున్నాయి. సిటీ హాల్, లైబ్రరీ, ఈస్ట్‌లేక్, స్కైలైన్ హైస్కూళ్ళు ఆ రోడ్డు మీదే ఉన్నాయి. కిందికి దిగనక్కర్లేకుండా పైనే మన బతుకు మనం నడుపుకోవచ్చు. కొండ అంచున, ఒకే రోడ్డు ఉన్న కాలనీలో తీసుకుంటే మాత్రం ప్రతి చిన్నపనికీ కారే.

కర్క్‌లాండ్: ఊరి మధ్యలోంచి క్రాస్ కర్క్‌లాండ్ కారిడార్ అని 5.75 మైళ్ళ దారి ఉంది. పాత రైలు దారే. తారు కాదు, సన్నకంకర. సన్నటి రేసు సైకిల్ టైర్లకి కుదరదు కానీ, కాస్త వెడల్పు టైర్లున్న మామూలు సైకిల్‌కి ఏ ఇబ్బందీ లేదు. టోటెమ్ లేక్ దగ్గర పెద్ద కూడలి పైనుంచి 2023లో వంతెన కట్టాక అక్కడ రోడ్డు దాటే బెంగ కూడా పోయింది. సరస్సు వైపు దిగితే తిరిగి ఎక్కాలి, అది గుర్తుంచుకోండి.

బోథెల్: ఒకే పేరుతో రెండు ఊళ్ళు అనుకోండి. రెండు పెద్ద ట్రెయిళ్ళు కలిసే పాత డౌన్‌టౌన్ ఒకటి. నదికి దగ్గర, యూనివర్సిటీ కూడా పక్కనే. ఉత్తరాన కెన్యన్ పార్క్, మిల్ క్రీక్ వైపు మనవాళ్ళు ఎక్కువగా కొనుక్కుంటున్న కొత్త కాలనీలు ఇంకొకటి. అడ్రసులో బోథెల్ అనే ఉంటుంది కానీ అక్కడ మిట్టలు, పల్లాలు, బోథెల్-ఎవరెట్ హైవే లాంటి రద్దీ రోడ్లు. నార్త్ క్రీక్ ట్రెయిల్ ముక్కలు ముక్కలుగా ఉంది. మీ కాలనీ ఏ ముక్క పక్కన ఉందో చూసుకోవాలి.

ఇసక్వా: పాత ఊరు, గిల్మన్ బులివార్డ్ వైపు చదును. సరస్సు ట్రెయిల్ వచ్చి అక్కడే ఆగుతుంది. ఇసక్వా హైలాండ్స్ కొండ మీద. పైన షాపులు, బస్సు అన్నీ ఉన్నాయి కాబట్టి పైనే తిరిగితే సరే. రోజూ కిందికి దిగి ఎక్కాల్సిన పని ఉంటే ఎలక్ట్రిక్ సైకిల్ తప్పదు.

ఆయన ఆఫీసు సియాటెల్‌లో అయితే? 520 తేలే వంతెన ప్రపంచంలోకెల్లా పొడవైనదని అందరికీ తెలుసు. దాని పక్కనే సైకిళ్ళకీ, నడిచేవాళ్ళకీ 2017 డిసెంబర్ నుంచి విడి దారి ఉంది. టోల్ కార్లకే, సైకిల్‌కి లేదు. 90 హైవే వంతెన పక్కన కూడా మెర్సర్ ఐలాండ్ మీదుగా దారి ఉంది. ఆయన సైకిల్ ఎక్కితే కారు ఇంట్లో మిగులుతుంది. ఈ కోణం కూడా ఆలోచించండి.

వాన సంగతి, చీకటి సంగతి

"ఇక్కడ ఎప్పుడూ వానే కదా" అని తప్పకుండా అంటారు. మన ఊళ్ళ వానలు వేరు, ఇక్కడి వాన వేరు. గోదావరి జిల్లాల్లో కుంభవృష్టి చూసినవాళ్ళకి ఇది తుంపర. అక్టోబర్ నుంచి మార్చి దాకా సన్నగా పడుతూనే ఉంటుంది. సైకిల్‌కి ముందూ వెనకా మడ్‌గార్డులు, మంచి రెయిన్ జాకెట్, తడవని సంచి ఉంటే సగం బాధ తీరుతుంది.

నిజానికి చూసుకోవాల్సింది చీకటి. డిసెంబర్‌లో సాయంత్రం 4:20కే సూర్యుడు అస్తమిస్తాడు. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటాక. ట్రెయిళ్ళ మీద చాలా భాగం దీపాలు ఉండవు. వేసవిలో స్వర్గంలా ఉన్న దారి చలికాలం సాయంత్రం ఒంటరిగా వెళ్ళాలంటే బెరుకుగా ఉంటుంది. ఇల్లు చూసేటప్పుడు దీపాలున్న రోడ్డు మీదుగా రెండో దారి ఉందా అని కూడా చూసుకోండి. ఆడవాళ్ళం ఈ లెక్క వేసుకోకుండా ఉండలేం. రాత్రిపూట ముందు తెల్ల లైటు చట్ట ప్రకారమే ఉండాలి. వెనక ఎర్ర రిఫ్లెక్టర్‌తో పాటు ఎర్ర లైటు కూడా పెట్టుకోండి. మాకు ఇష్టమని నల్ల జాకెట్లు వేసుకోవద్దు.

ఇక బట్టలు. చున్నీ వేసుకుంటే వెనక ముడి వేసుకోండి, లేదా ఇంట్లో పెట్టి వెళ్ళండి. చక్రంలో చున్నీ చుట్టుకుంటే ఏమవుతుందో మనకి చెప్పక్కర్లేదు. చెయిన్ కవర్ ఉన్న సైకిల్ కొంటే సల్వార్ చివర్లు బతుకుతాయి. హెల్మెట్ తప్పనిసరన్న కింగ్ కౌంటీ నిబంధన 2022లో తీసేశారు. అయినా తల మనదే, పెట్టుకోవాల్సిందే.

డబ్బు లెక్క

లోయలో ఇల్లు, ట్రెయిల్ పక్కన ఇల్లు అంటే అద్దె ఎక్కువ. "అంతెందుకు, ఇంకాస్త పైకి వెళ్తే అదే డబ్బుకి ఇంకో గది వస్తుంది" అంటారు ఇంట్లో. అప్పుడు కాగితం మీద ఒక లెక్క వేయండి. ట్రిపుల్ ఏ సంస్థ 2024 అంచనా ప్రకారం ఒక కొత్త కారు ఉంచుకోవడానికి ఏడాదికి 12 వేల డాలర్ల పైనే అవుతుంది. కొనుగోలు విలువ తగ్గడం, వడ్డీ, ఇన్సూరెన్స్, పెట్రోలు అన్నీ కలిపి. నెలకి వెయ్యి. పాత కారైతే తక్కువ అవుతుంది కానీ ఊరికే రాదు. సైకిల్ దారి ఉన్న ఇంటికి నెలకి మూడు, నాలుగు వందలు ఎక్కువ పెట్టి, రెండో కారు రెండేళ్ళు వాయిదా వేయగలిగితే ఎవరికి లాభం?

ఎలక్ట్రిక్ సైకిల్ వేసుకుంటే కొండల లెక్క చాలావరకు మారిపోతుంది. ఈ రాష్ట్రంలో దానికి లైసెన్స్ అక్కర్లేదు. ఇంకా డ్రైవింగ్ టెస్టు దాకా రానివాళ్ళకి ఇది పెద్ద వెసులుబాటు. క్లాస్ 1, 2 రకాల సాయం గంటకి 20 మైళ్ళ దగ్గర ఆగిపోతుంది. కింగ్ కౌంటీ ట్రెయిళ్ళ మీద గరిష్ఠ వేగం 15 మైళ్ళు. కానీ ఆ సైకిల్ బరువు. మూడో అంతస్తుకి మెట్ల మీద మోయలేం. అపార్ట్‌మెంట్‌లో కింద సైకిల్ గది ఉందా, అక్కడ ఛార్జింగ్ పెట్టనిస్తారా అని ముందే అడగండి. బ్యాటరీకి యూఎల్ గుర్తు ఉన్నదే కొనండి. చవకరకం బ్యాటరీలు అంటుకున్న సందర్భాలున్నాయి. దొంగతనాలు కూడా ఉన్నాయి కాబట్టి సన్నటి గొలుసు కాదు, గట్టి యూ-లాక్ వాడండి. సైకిల్ సీరియల్ నంబరు ఫోటో తీసి పెట్టుకోండి.

దూరం ఎక్కువైతే బస్సు ఉంది. కింగ్ కౌంటీ మెట్రో బస్సుల ముందు సైకిళ్ళు పెట్టుకునే ర్యాక్ ఉంటుంది. డ్రైవర్‌కి చెయ్యి చూపించి మనమే ఎక్కించుకోవాలి. 2022 సెప్టెంబర్ నుంచి 18 ఏళ్ళలోపు పిల్లలకి బస్సు, రైలు ఉచితం. పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లలున్న అమ్మలు ఈ మాట గుర్తు పెట్టుకోండి. సైకిల్ తొక్కగలిగే చోట ఉంటే ఆ వయసు పిల్లలు స్నేహితుల ఇంటికీ, ప్రాక్టీసుకీ వాళ్ళే వెళ్తారు. లేకపోతే ఏడెనిమిదేళ్ళు మనం డ్రైవర్లమే.

ఇంట్లోవాళ్ళతో

"ఛీ, కారుండి సైకిలేంటి, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు" అని అత్తయ్యగారు ఫోన్లో అనొచ్చు. "రోడ్డు మీద ఒక్కదానివే వెళ్తావా తల్లీ" అని అమ్మ బెంగపడొచ్చు. వాళ్ళ భయాన్ని కొట్టిపారేయకండి. కార్ల పక్కన వెళ్ళక తప్పని చోట ఏ చట్టం మనకి తోడుందో చెప్పండి. కారువాళ్ళు పక్క వరుసలోకి మారాలి, వీలు కాకపోతే కనీసం మూడడుగుల దూరం ఉంచాలి. స్టాప్ గుర్తు దగ్గర సైకిల్ పూర్తిగా ఆగక్కర్లేదు, మెల్లగా వచ్చి, ముందున్నవాళ్ళకి దారి ఇచ్చి వెళ్ళొచ్చని 2020 అక్టోబర్ నుంచి చట్టం ఉంది. ఎర్రలైటు దగ్గర మాత్రం ఆగాల్సిందే. స్కూలు బస్సు ఎర్రదీపాలు వేసి ఆగితే మనమూ ఆగాలి.

అమ్మానాన్నలు విజిట్‌కి వచ్చినప్పుడు ఇంకో లాభం తెలుస్తుంది. ఆరునెలలు కిటికీలోంచి వీధి చూస్తూ కూచునే పెద్దవాళ్ళు ఎంతమందో. ట్రెయిల్ పక్కన ఇల్లయితే పొద్దున, సాయంత్రం వాళ్ళే నడిచొస్తారు. బెంచీ మీద ఇంకో తెలుగు తాతగారు తగుల్తారు. మనం ఆఫీసులో ఉన్నా వాళ్ళకి పొద్దుపోతుంది. మనకి సైకిల్‌కి పనికొచ్చే దారి పెద్దవాళ్ళ నడకకి, చిన్నపిల్లల స్కూటర్‌కి కూడా పనికొస్తుంది.

భర్తతో మాట్లాడేటప్పుడు "నాకు సైకిల్ ఇష్టం" అని మొదలుపెడితే అది సరదా లెక్కలోకి వెళ్ళిపోతుంది. ఇల్లు వెతికేటప్పుడు ఎక్సెల్ షీటు తయారుచేసే అలవాటు మన ఇళ్ళలో ఉండనే ఉంది. స్కూలు రేటింగు, ఆఫీసు దూరం, రీసేల్ అని గళ్ళు ఉంటాయి కదా, అందులోనే ఇంకో గడి కలపమనండి: "కారు లేకుండా ఈ ఇంట్లోంచి ఎక్కడెక్కడికి వెళ్ళొచ్చు". ఆ గడి నింపే పని మీరే తీసుకోండి. రోజంతా ఆ ఇంట్లో ఉండేది మీరు కాబట్టి ఆ గడికి మిగతావాటితో సమానంగా విలువ ఉండాలి.

సంతకం పెట్టేముందు

నచ్చిన ఇల్లు దొరికాక, లీజు మీద సంతకం పెట్టేలోపు ఒక సాయంత్రం దీనికి కేటాయించండి. సైకిల్ లేకపోతే అద్దెకి తెచ్చుకోండి, లేదా గ్రూపులో అడిగితే ఎవరో ఒకరు ఇస్తారు.

ఆ గుమ్మంలోంచి బయల్దేరి లైబ్రరీకి వెళ్ళి రండి. ఇంకోసారి దగ్గర్లోని సరుకుల షాపుకి వెళ్ళి, అయిదు కేజీల బియ్యం సంచో, పాల డబ్బాయో వెనక కట్టుకుని రండి. పిల్లలుంటే వాళ్ళ స్కూలు దారి చూసి రండి. బస్‌స్టాపుకో రైలు స్టేషన్‌కో ఒకసారి. ఎక్కడ దిగి తోయాల్సి వచ్చింది, ఎక్కడ గుండె దడదడలాడింది, ఎక్కడ హాయిగా అనిపించింది, ఫోన్‌లో రాసుకోండి. నాలుగు చోట్లలో మూడింటికి ఎవర్నీ సాయమడక్కుండా వెళ్ళి రాగలిగితే ఆ ఇల్లు తీసుకోండి. ఒక్కదానికీ వెళ్ళలేకపోతే, గ్రానైట్ కౌంటర్ ఎంత మెరుస్తున్నా ఇంకో ఇల్లు చూడండి.

తర్వాత ఆ దారి గ్రూపులో పెట్టండి. ఏ అపార్ట్‌మెంట్ నుంచి ఏ ట్రెయిల్‌కి ఎలా వెళ్ళాలి, ఏ కూడలి దగ్గర జాగ్రత్త, ఏ వెనక వీధి బావుంది అని. వచ్చే జూన్‌లో కొత్తగా దిగే అమ్మాయికి స్కూలు రేటింగ్ ఎవరైనా చెప్తారు. ఈ సంగతి తొక్కినవాళ్ళే చెప్పగలరు.